వచ్చే ఏడాది మాఘంలో థాయ్‌లాండ్‌లో చెల్లి పెళ్ళి: ఇప్పట్నుంచి ఏది ముందు మొదలుపెట్టాలి?

ఓరుగల్లు_అన్న:
అందరికీ నమస్కారం. చెల్లి పెళ్ళి కుదిరింది. 14 నెలల టైముంది. అబ్బాయి వాళ్ళది రాజమండ్రి, ఉద్యోగం సింగపూర్‌లో. రెండు ఇళ్ళవాళ్ళం మాట్లాడుకుని థాయ్‌లాండ్‌లో సముద్రం ఒడ్డున ఉన్న హువా హిన్ ఊరు అనుకున్నాం. మొత్తం 110 మంది. హోటల్ వాళ్ళు ఈ నెలలోనే అడ్వాన్స్ కట్టమంటున్నారు. అమ్మానాన్న ఎప్పుడూ దేశం దాటలేదు. నాయనమ్మకు 78 ఏళ్ళు, ఆమె లేకుండా మా ఇంట్ల పెళ్ళి జరగదు. ఇంతకుముందు చేసినవాళ్ళు ఏది ముందో ఏది వెనకో చెప్పండి.

గోదారిగట్టు:
అన్నా, అడ్వాన్స్ కట్టకముందే ముహూర్తం పెట్టించండి. మా అక్క పెళ్ళికి మేం దీన్ని తిరగేసి చేశాం. ముందు హోటల్‌కు ఫిబ్రవరిలో ఒక శనివారం ఖాయం చేసి, తర్వాత సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్ళాం. ఆ రోజు నక్షత్రం అక్క జన్మనక్షత్రానికి పొసగలేదు, అంటే తారాబలం కుదరలేదు. తేదీ మార్చుకునేసరికి కట్టిన అడ్వాన్స్‌లో సగం పోయింది. మూఢం, శూన్యమాసం, అధికమాసం గణితం చేస్తే ఏళ్ళ ముందే తెలుస్తాయి, కొత్త పంచాంగం అచ్చయ్యేదాకా ఆగక్కర్లేదు. మూడు ముహూర్తాలు రాయించుకుని, మూడింటికీ హోటల్ రేటు అడగండి.

రెండోది లగ్నం టైము. మా వాళ్ళందరూ పొరబడింది ఇక్కడే. థాయ్‌లాండ్ గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది. హైదరాబాద్ లెక్కన ఉదయం 10:30కి ముహూర్తం రాసిస్తే, అక్కడ 12 గంటలకని అనుకుంటాం. అది తప్పు. తిథి, నక్షత్రం లోకమంతటికీ ఒకే క్షణంలో మారతాయి కాబట్టి వాటికి గంటన్నర కలిపితే చాలు. లగ్నం అలా కాదు. ఆ ఊళ్ళో తూర్పున ఏ రాశి ఉదయిస్తోందో అదే లగ్నం. హువా హిన్ హైదరాబాద్‌కు తూర్పున సుమారు 21న్నర డిగ్రీల దూరంలో ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అదే లగ్నం అక్కడ దాదాపు 86 నిమిషాలు ముందే వచ్చేస్తుంది. అంటే అక్కడి గడియారంలో కూడా ఇంచుమించు 10:30కే పడుతుంది. అక్షాంశం తేడాకి కొన్ని నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. 12కి జీలకర్ర బెల్లం పెట్టిస్తే లగ్నమే దాటిపోవచ్చు. అందుకని అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి హువా హిన్‌కే లగ్నం కట్టించండి.

ఓరుగల్లు_అన్న:
మా అయ్యగారు ఇక్కడి టైమే రాసిచ్చారు. మేం గంటన్నర కలుపుకుని కూర్చున్నాం. రేపు పొద్దున్నే పోతా.

విశాఖతీరం:
వాన సంగతి నేను చెప్తాను. మాఘానికి హువా హిన్ మంచి ఎంపిక. ఇది చదివే మిగతావాళ్ళ కోసం: ఫుకెట్‌లో మే నుంచి అక్టోబర్ దాకా వానలు, శ్రావణం ముహూర్తాలు అక్కడ పెట్టుకోవద్దు. కో సముయి దీవి అటు థాయ్‌లాండ్ గల్ఫ్ వైపు, అక్కడ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా జోరు, కార్తీకానికి పనికిరాదు. బాలి భూమధ్యరేఖకు దిగువన ఉంది, నవంబర్ నుంచి మార్చి దాకా వాన. మాఘ ఫాల్గుణాలకు బాలి వద్దు, వైశాఖానికి బాగుంటుంది.

కరీంనగర్_అక్క:
తమ్ముడూ, నాయనమ్మ పాస్‌పోర్టు ఈ వారమే మొదలుపెట్టు. మా అత్తమ్మకు ఆధార్‌ల ఒక పేరు, ఓటరు కార్డుల ఇంకో పేరు. ఆధార్ సవరించి, పోలీస్ వెరిఫికేషన్ అయ్యి, పాస్‌పోర్టు చేతికొచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలు ఆమె రోజూ "నేను రానేమో బిడ్డా" అంటుంటే మా మనసు మనసుల లేదు. పాస్‌పోర్టు ఉన్నోళ్ళవి కూడా తీసి చూడు, ప్రయాణం నాటికి ఇంకో ఆరు నెలలు గడువుండాలె.

ఇంకోటి, కుడుకలు. ఒడిబియ్యానికని పది కిలోల ఎండుకొబ్బరి కుడుకలు సూట్‌కేసుల పెట్టుకుని శంషాబాద్ పోయినం. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, అంటుకునే సరుకు అని అన్నీ తీసి పక్కన పెట్టిన్రు. చెక్-ఇన్ సామాన్లలో కూడా తీసుకపోనియ్యరు. కర్పూరం కూడా అంతే, అగ్గిపెట్టె కూడా అంతే. అక్కడికి పోయినంక బ్యాంకాక్‌ల పహురత్ బజార్‌కు ఉరికినం. అక్కడ మనోళ్ళ దుకాణాలే, పూజ సామాను దొరుకుతది. దాని దగ్గర్లనే పాక్ ఖ్లాంగ్ తలాత్ పూల మార్కెట్ ఉంది, బంతిపూలు, మల్లెలు రాశులు పోస్తరు. పచ్చి ఆకులు, పండ్లు ఇక్కడినుంచి మొయ్యకు, క్వారంటైన్ నిబంధనలు ఉంటయి. అరటాకులు, కొబ్బరికాయలు అక్కడ కావలసినన్ని.

షార్జా_నుంచి:
అక్క చెప్పిన పేర్ల విషయానికి ఒక మాట. యూఏఈలో పెళ్ళి అనుకునేవాళ్ళు పెద్దవాళ్ళ పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి చూడండి. మన పెద్దవాళ్ళలో చాలామందికి అది ఖాళీగా ఉంటుంది. 2022 నవంబర్ నుంచి ఒకే మాట పేరున్నవాళ్ళకు ఇక్కడ విజిట్ వీసా కష్టం. మసాలా డబ్బాలో గసగసాలు ఉంటే తీసేయండి, ఇక్కడ నిషేధం.

లెక్కల_మాస్టారు:
హోటల్ కొటేషన్‌లో అంకె పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ అంకె మీద 10 శాతం సర్వీస్ ఛార్జీ, రెండూ కలిపిన మొత్తం మీద 7 శాతం వ్యాట్, అంతా కలిపి 17.7 శాతం అదనం. లక్ష అన్నది లక్షా పదిహేడు వేల ఏడు వందలు అవుతుంది. గదులు ఎన్ని తీసుకుంటామని సంతకం పెడతామో అన్నిటికీ కట్టాలి, మనవాళ్ళు వచ్చినా రాకపోయినా. 110 మంది అంటే 55 గదులని రాయించకండి. ఎన్ని గదులు, ఏ తేదీలోపు తగ్గించుకోవచ్చో ఒప్పందంలో ఉండాలి.

బ్యాంకు నుంచి విదేశానికి డబ్బు పంపితే ఒకరి పేరు మీద ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన దానిపై 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటారు. 2025 ఏప్రిల్‌కు ముందు ఆ హద్దు 7 లక్షలే. రిటర్న్‌లో తిరిగి వస్తుంది గానీ పెళ్ళి సమయంలో చేతిలో ఉండదు. మీకు 14 నెలలుంది కాబట్టి ఒక వాయిదా మార్చి 31 లోపు, మిగతాది ఏప్రిల్ తర్వాత కట్టేలా అడగండి. నాన్నగారి పేరున కొంత, మీ పేరున కొంత పంపితే ఇద్దరి హద్దులూ వాడుకున్నట్టవుతుంది.

నగలు తీసుకెళ్ళేటప్పుడే కస్టమ్స్ వాళ్ళకు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు ఈ బంగారం ఎక్కడిదన్న ప్రశ్న రాదు. బిల్లులు దగ్గర పెట్టుకోండి.

తెనాలి_ఆడపడుచు:
మా తమ్ముడి పెళ్ళిలో హోమం దగ్గర ఇబ్బంది పడ్డాం. హాల్లో నిప్పు పెట్టడానికి వీల్లేదని హోటల్ వాళ్ళు ముందురోజు చెప్పారు. పొగకి అలారాలు మోగుతాయట. పచ్చికలోకి మారిస్తే సముద్రపు గాలి. పురోహితులు చేతులు అడ్డం పెట్టి అగ్నిని కాపాడారు, మాంగల్యధారణ అయ్యేదాకా నాకు ఊపిరాడలేదు. ఒప్పందంలోనే హోమం ఎక్కడ, ఎంతసేపు, గాలికి మూడు వైపులా అడ్డు ఎవరు కడతారన్నది రాయించండి. గాలి సాధారణంగా మధ్యాహ్నానికి పెరుగుతుంది, ఉదయం లగ్నమైతే నయం.

వంటవాళ్ళను ఇక్కడినుంచి తీసుకెళ్ళాలనుకుంటే, టూరిస్టుగా వచ్చి అక్కడ పని చేయకూడదు, వర్క్ పర్మిట్ ఉండాలి. అది హోటల్‌తో ముందే తేల్చుకోండి. మేము అక్కడి తెలుగు వంటమనిషిని పెట్టుకున్నాం. గోంగూర పచ్చడి మాత్రం ఇంటినుంచి సీసాల్లో పట్టుకెళ్ళాం, పెద్దవాళ్ళు రెండో రోజుకే అడిగారు.

కొత్తకోడలు_హైదరాబాద్:
రిజిస్ట్రేషన్ గురించి ఎవరూ రాయలేదు. మా పెళ్ళి బయట జరిగింది. తిరిగొచ్చి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తే "పెళ్ళి ఎక్కడ?" అన్నారు, విదేశం అనగానే ఫైలు పక్కన పెట్టారు. చివరికి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాం. ఈలోపు మా ఆయన తిరిగి వెళ్ళాల్సి వచ్చింది, నా డిపెండెంట్ వీసా రెండు నెలలు ఆగింది. మీ బావగారు సింగపూర్‌లో ఉన్నారు కాబట్టి మీ చెల్లికి సర్టిఫికెట్ వెంటనే కావాలి. ఇక్కడే ముందు చట్టప్రకారం పెళ్ళి నమోదు చేయించి, సంప్రదాయ పెళ్ళి అక్కడ చేయండి. ఆ నోటీసుకు ముందు ఇద్దరిలో ఒకరు 30 రోజులు ఆ జిల్లాలో ఉండాలి, అబ్బాయి సెలవు దీనితో కలిపి చూసుకోండి.

విశాఖతీరం:
టికెట్లు తీసేటప్పుడే నాయనమ్మకు వీల్‌చైర్ రాయించండి. బ్యాంకాక్ నుంచి హువా హిన్ 200 కిలోమీటర్ల దాకా, రోడ్డు మీద మూడు గంటలు. ఆమె ఉన్న బండి మధ్యలో ఆగేలా చూడండి. థాయ్ డిజిటల్ అరైవల్ కార్డు 2025 మే నుంచి తప్పనిసరి. ప్రయాణానికి మూడు రోజుల లోపలే నింపాలి, రుసుము లేదు, డబ్బు అడిగే సైట్ల జోలికి పోవద్దు. వీసా నిబంధనలు మారుతుంటాయి, టికెట్లకు ముందు ఎంబసీ సైట్ చూడండి.

ఓరుగల్లు_అన్న:
అందరికీ దండాలు. అయ్యగారి దగ్గరికి పోయొచ్చిన. హువా హిన్ లెక్కన మూడు లగ్నాలు రాసిచ్చారు, రెండు ఉదయానివే. హోటల్‌కు మార్చి, ఏప్రిల్ వాయిదాలు అడుగుతూ ఉత్తరం పెట్టిన, సంతకం ఇంకా చెయ్యలేదు. నాయనమ్మ ఆధార్‌ల పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంది, తేదీ లేదు. రేపు మీసేవకు తీసుకపోతున్న. అక్కా, మీ అత్తమ్మకు తేదీ రుజువుకు ఏం పెట్టిన్రు?