అమ్మమ్మ సందుగ: రంగు గీకించి పాలిష్ పట్టించాలా, ఉన్నది ఉన్నట్టు ఉంచాలా?

కొల్లాపూర్ ఆడపడుచు

ఇంట్లో పంచాయితీ నడుస్తోంది, మీరే తీర్పు చెప్పండి. మా అమ్మమ్మవాళ్ళది కృష్ణ ఒడ్డు ఊరు. 1981లో శ్రీశైలం డ్యామ్ నీళ్ళు వస్తున్నాయని ఊరు ఖాళీ చేయించినప్పుడు ఎడ్లబండి మీద తెచ్చుకున్న సామానులో ఒక టేకు సందుగ ఉంది. పొడవు మూడడుగులు, ఎత్తు మోకాలి దాకా. పైన ఆకుపచ్చ పెయింట్, అది పెచ్చులూడిన చోట కింద ఎర్రగా, పచ్చగా ఏవో పూలు కనిపిస్తాయి. తమ్ముడు పాలమూరులో ఇల్లు కడుతున్నాడు. ఇంటీరియర్ చేసే అబ్బాయి "రంగంతా తీసేసి, పీయూ పాలిష్ కొట్టి, పైన గ్లాస్ వేద్దాం, టీపాయ్ అదిరిపోతుంది" అన్నాడట. వచ్చే వారం ఆటో ట్రాలీ పంపిస్తానంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. "ఎలుకలు తిరిగే కొట్టంలో ఉన్న పెట్టె హాల్లోకి వస్తుంటే నీకేం బాధ అక్కా" అంటాడు. వాడి మాటా కొట్టిపారేయలేను.

వడ్లోళ్ళ పిల్లగాడు

తమ్ముడు చెప్పిందే కరెక్ట్ అక్కా. మా తాత, మా నాయన ఈ పనే చేశారు, నేనూ అదే చేస్తున్నాను. సందుగ చేసింది వాడుకోవడానికి. కొట్టంలో పడేసి పాతది, పాతది అని మురిసిపోతే చెదలు సంతోషిస్తాయి. మీరు ముందు మూత ఎత్తి లోపలి మూలలు చూడండి. రెండు చేతుల వేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు పలకలు కలిసి ఉంటే, మేకు లేకుండా చేసిన పని అన్నట్టు. అంత పనితనం మీద దర్వాజల పెయింట్ కొట్టి దాచేశారు. రంగు తీస్తే టేకు గీతలు బయటికొస్తాయి, చేసినవాడి చెయ్యి కనిపిస్తుంది. అంతకన్నా మర్యాద ఏముంటుంది?

జుమ్మెరాత్ బజార్ అన్న

అయ్యో, ఆగండి తల్లీ! ఇరవై ఏళ్ళుగా హైదరాబాద్‌లో గురువారం సంతలో తిరుగుతున్న మనిషిని. కుంకుమ భరిణెలు, ఆకుపెట్టెలు, మానికలు, కవ్వాలు, పీటలు, ఇల్లంతా అవే. మా ఇంటావిడ నన్ను ఇంకా వెళ్ళగొట్టలేదంటే ఆవిడ గొప్పతనమే. పాత టేకు ఎక్కడైనా దొరుకుతుంది, కూల్చిన ఇంటి దూలాలు కొని కొత్త సందుగ చేయించుకోవచ్చు. పాత రంగు దొరకదు. ఒకసారి గీకితే పోయినట్టే. మీ తమ్ముడికి డబ్బు భాషలో చెప్పాలంటే, గీకి మెరిపించిన పెట్టెకు నాలాంటివాడు కొయ్య ఖరీదు కూడా కట్టడు.

ఇంకో మాట. మీ అమ్మమ్మగారి ఊరు పోయింది కదా. ఆ మునకలో గుళ్ళను రాయి రాయి విప్పి తెచ్చి సోమశిలలో, అలంపూర్‌లో మళ్ళీ కట్టారు. ఇళ్ళల్లో కొయ్య సామాను సంగతి ఎవరికి పట్టింది? దొరికిన బండిలో పట్టినంత తెచ్చుకున్నారు, మిగతాది అక్కడే. ఆ పూలు వేసినవాడి పేరు ఎక్కడా ఉండదు. ఉన్నది ఆ పూలే.

పాలమూరు గాలి

నిర్మల్ పని కావచ్చు కదా? అలాగైతే ధర బాగా పలుకుతుందంటారు.

జుమ్మెరాత్ బజార్ అన్న

రంగు కనిపించిన ప్రతిదానికీ నిర్మల్ అని పేరు పెట్టేస్తున్నారు, అమ్మేవాళ్ళు మరీను. నిర్మల్ బొమ్మలు, కొండపల్లి బొమ్మలు పొనికి కర్రతో చేస్తారు, చేతిలో పెడితే దూదిలా ఉంటుంది. ఏటికొప్పాక భరిణెలది అంకుడు కర్ర, తిరిగే కర్రకు లక్క ముక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పడుతుంది. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని టేకు సందుగ ఆ బొమ్మల పనీ కాదు, ఈ లక్క పనీ కాదు. ఏ ఊరి వడ్లాయనో చేశాడు, ఏ ఊరి రంగులాయనో పూలు వేశాడు. ఆ మాత్రం చాలదా?

మోసాల మాట వచ్చింది కాబట్టి ఒక చిట్కా. గుండ్రటి పాత భరిణె గానీ కొయ్య గిన్నె గానీ కొనేటప్పుడు జేబులో టేపు పెట్టుకోండి. కొయ్య ఎండేకొద్దీ గీతలకు అడ్డంగా కుంచించుకుంటుంది, గీతల వెంట దాదాపు మారదు. అందుకే నిజంగా పాతది కాస్త కోలగా అయిపోతుంది. నిన్న మొన్న చేసి, పొటాషియం పర్మాంగనేట్ నీళ్ళు పూసి ముదురు గోధుమ రంగు తెప్పించిన సరుకు చక్కగా గుండ్రంగా ఉంటుంది. మట్టి కూడా అన్నివైపులా సమానంగా పట్టి ఉంటుంది. నిజం పాతదాంట్లో అరుగుదల చెయ్యి తగిలే చోటే ఉంటుంది. మా దగ్గరున్న ఒక ఆకుపెట్టెకు మూత ఎడమ అంచు ఒక్కటే నున్నగా అరిగిపోయింది. దాన్ని వాడిన ముసలావిడది ఎడమచేతి వాటమేమో అనుకుంటాను.

నల్లగొండ కెమిస్ట్రీ సారు

విలువ, మర్యాద తర్వాత. ఆ రంగును సాండ్ పేపర్‌తో రుద్దే ముందు ఒక్క నిమిషం ఆగండి. పాతకాలం రంగుల్లో సింధూరం అంటే సీసం, ఇంగిలీకం అంటే పాదరసం, హరిదళం అంటే ఆర్సెనిక్. మీ పూలలో ఎరుపు, పసుపు ఉన్నాయంటున్నారు, అవి ఇవే అని చూడకుండా చెప్పలేను గానీ కావనీ చెప్పలేను. పైనున్న ఆకుపచ్చ ఎనామిల్ కూడా తక్కువ తినలేదు. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎమ్, అంటే పది లక్షల వంతుల్లో 90 వంతులు, దాటకూడదని రూలు అమల్లోకి వచ్చిందే 2017 నవంబర్‌లో. అంతకుముందు డబ్బాల్లో ఎంత ఉందో దేవుడికే తెలియాలి. ఆ పొడి గాల్లో లేస్తే పనివాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నేల మీద పడితే పాకే పిల్లల నోట్లోకి పోతుంది. కాస్టిక్ సోడా పూసి ఊడదీస్తే పొడి లేవదు నిజమే, కానీ టేకు నల్లబడుతుంది, పీచు లేస్తుంది. వడ్లాయన తమ్ముడూ, మాస్క్ పెట్టుకుంటావా అసలు?

వడ్లోళ్ళ పిల్లగాడు

తువ్వాలు కట్టుకుంటాం సారూ. మా నాయనకు ఎప్పుడూ దగ్గే ఉండేది. అది దుమ్ము వల్లనో బీడీల వల్లనో ఎవరూ చెప్పలేదు. సరే, ఆ మాట తీసుకున్నా.

కానీ బజార్ అన్నను ఒకటి అడుగుతా. నువ్వు పూలు కాపాడాలంటున్నావు. పూలు ఎక్కడున్నాయి? ఆకుపచ్చ కింద. పూలు కావాలంటే ఆకుపచ్చ తీయాలి. అంటే నువ్వు గీకమనే అంటున్నావు, నేను గీకమనే అంటున్నాను. నువ్వు పూల దగ్గర ఆగుతావు, నేను కొయ్య దాకా పోతాను. అంతే కదా తేడా?

జుమ్మెరాత్ బజార్ అన్న

గట్టిగానే పట్టుకున్నావు తమ్మీ. నిజం చెప్పాలంటే, నేనే అయితే ఆకుపచ్చ తీయించేవాణ్ణి, తెలిసినవాళ్ళ చేత, గోరంత గోరంత. ఎనామిల్‌దేముంది, మార్కెట్ సరుకు.

డల్లాస్‌లో వనపర్తి

అక్కా, మీకు అంత టెన్షన్ అయితే నాకు అమ్మేయండి, ఉన్నది ఉన్నట్టే మా హాల్లో పెట్టుకుంటా. షిప్పింగ్ నాదే.

జుమ్మెరాత్ బజార్ అన్న

బాబూ, 1972 పురావస్తువుల చట్టం అని ఒకటుంది. చేతిపనితనం ఉన్న వస్తువు నూరేళ్ళు పాతదైతే మామూలు మనుషులు దేశం దాటించకూడదు. నూరేళ్ళు కాలేదంటే పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకోవాలి. కస్టమ్స్‌లో సందుగ ఆగిపోయాక ఫోన్ చేస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

కొల్లాపూర్ ఆడపడుచు

అమ్మేది లేదన్నా, ఏమీ అనుకోకండి.

ఇవాళ కొట్టంలోకి వెళ్ళి మూత ఎత్తి చూశాను. మూలలు వడ్లాయన తమ్ముడు చెప్పినట్టే ఉన్నాయి, వేళ్ళు దూర్చినట్టు. లోపల కర్పూరం వాసన ఇంకా ఉంది, అడుగున ఒక గాజు ముక్క, నాలుగు ఎండిన వేపాకులు. మూత వెనకవైపు, బందు పక్కన పెయింట్ అందని చోట ఒక చిలక ఉంది. రూపాయి బిళ్ళంత. ముక్కు ఎరుపు కొంచెం కూడా తగ్గలేదు. కన్ను పెట్టడం మాత్రం మరిచిపోయాడు.

ఫోటో ఇక్కడ పెడుతున్నాను. అదే అమ్మకు పంపితే వెంటనే ఫోన్ చేసింది. ఆ ఆకుపచ్చ వేసింది మా మేనమామ అట. అమ్మ పెళ్ళికి సందుగ ఇంటి ముందర బండికి ఎక్కించాలి, పూలు పాతబడ్డాయి, నలుగురు చూస్తారని దర్వాజలకు వేయగా మిగిలిన రంగు రాత్రికి రాత్రి పూశాడట. తడి ఆరకముందే అమ్మ చెయ్యి పెట్టిందని మామ తిట్టాడట. చూస్తే ముందు పలక మీద కుడివైపు నాలుగు వేళ్ళ గుర్తులు నిజంగానే ఉన్నాయి. ఇన్నేళ్ళూ అది పెచ్చు అనుకున్నాను.

జుమ్మెరాత్ బజార్ అన్న

నేను అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆకుపచ్చ ముట్టుకోకండి.

పాలమూరు గాలి

ఇది మరీ విడ్డూరం. వేలిముద్రలున్నాయని డబ్బా పెయింట్‌ను దేవుడిలా చూడాలా? రేపు ఆ తమ్ముడి పిల్లలు క్రేయాన్‌తో గీస్తే అదీ చరిత్రేనా?

నల్లగొండ కెమిస్ట్రీ సారు

యాభై ఏళ్ళ తర్వాత అడుగు. ఈలోగా వాళ్ళను గీయనివ్వకు.

అమ్మా, శుభ్రం చేయాలనిపిస్తే పొడి మెత్తటి బ్రష్ ఒక్కటే వాడు. నీళ్ళు పెట్టకు. ఆ పూలు జిగురు రంగులైతే తడి తగిలితే చాలు, దూదికి అంటుకొచ్చేస్తాయి. స్పిరిట్ అసలే వద్దు, లక్క పూత ఉంటే కరిగిపోతుంది.

వడ్లోళ్ళ పిల్లగాడు

అక్కా, తమ్ముడికి టీపాయ్ కావాలి, మీకు రంగు కావాలి. గ్లాస్ మూతకు బిగించొద్దు. నాలుగు మూలలా రబ్బరు బిళ్ళలు పెట్టి వట్టిగా ఆనిస్తే చాలు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి మూత ఎత్తుకోవచ్చు. అడుగు పలక నేలకు తగలకుండా కింద రెండు షాబాద్ బండ ముక్కలు పెట్టాలి. వెనక బందు ఒకటి ఊడినట్టు ఫోటోలో కనిపిస్తోంది, దానికి కొత్త మేకులు కొట్టొద్దు, పాత రంధ్రాల్లోనే కొయ్య చీల వేసి బిగిస్తా. ఆదివారం పాలమూరు వైపు పని ఉంది, తమ్ముడి ఇంటి అడ్రస్ మెసేజ్ పెట్టండి. సాండ్ పేపర్ తేను.

జుమ్మెరాత్ బజార్ అన్న

వేడి టీ గ్లాసు పెట్టేముందు కింద ఏదైనా వేసుకోమని చెప్పండి. ఆ చిలకకు కన్ను పెట్టిస్తానని ఎవరైనా అంటే నాకు ఫోన్ చేయండి.