కంప్రెషన్ మేజోళ్లు పిక్క లోపల తెచ్చే మార్పును కొలవడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. నేను క్రీడాశాస్త్రంలో పరిశోధక విద్యార్థిని. పరుగులో వాడే కంప్రెషన్ మేజోళ్లు (కాలిని బిగుతుగా పట్టి ఉంచేవి) పిక్కలోని మెత్తని కణజాలాన్ని ఎంతవరకు మారుస్తాయో కొలవాలన్నది నా ఉద్దేశం. మేజోడుకూ చర్మానికీ మధ్య పలుచని గాలితిత్తి సెన్సర్ ఉంచి పిక్క చుట్టూ నాలుగు చోట్ల పీడనం చూశాను. ఒకే మేజోడు, ఒకే ఎత్తు; అయినా వెనక కండ మీద కంటే ముందు ఎముక అంచు దగ్గర పీడనం దాదాపు రెట్టింపు కనిపిస్తోంది. సెన్సర్‌లో లోపం ఉందా? ఈ పీడనం ఆధారంగా లోపలి కండరం ఎంత నొక్కుకుపోయిందో లెక్కకట్టవచ్చా? మేజోడు మీదుగా అల్ట్రాసౌండ్ ప్రయత్నిస్తే తెర మీద నలుపు తప్ప ఏమీ కనిపించలేదు.

మొదటి సమాధానం

సెన్సర్‌ను తప్పుపట్టనక్కరలేదు. బట్టలోని బిగువును ఆ చోటి వంపు వ్యాసార్ధంతో భాగిస్తే చర్మం మీది పీడనం వస్తుందని లాప్లాస్ సూత్రం చెబుతుంది. చుట్టుకొలత 35 సెం.మీ. ఉన్న పిక్కను గుండ్రనిదిగా భావిస్తే వ్యాసార్ధం సుమారు 5.6 సెం.మీ.; అక్కడ 20 మి.మీ. పాదరస పీడనం, అంటే దాదాపు 2,670 పాస్కళ్లు రావాలంటే, బట్టలో ప్రతి సెంటీమీటరు వెడల్పుకూ ఒకటిన్నర న్యూటన్ల బిగువు ఉండాలి. అదే బిగువుతో బట్ట 2.8 సెం.మీ. వ్యాసార్ధం గల అంచు మీదుగా సాగితే పీడనం 40కి చేరుతుంది. కాబట్టి మీకు కనిపించింది కాలి ఆకారమే. సెన్సర్ మందం వల్ల బట్ట కొద్దిగా ఉబ్బి, అసలు కంటే కాస్త ఎక్కువ చూపుతుందన్న మాట మాత్రం నిజం.

ఇక రెండో ప్రశ్న. ‘నొక్కుకుపోవడం’ అన్న మాట దగ్గరే చిక్కు ఉంది. కండరంలో నాలుగింట మూడు వంతులు నీరు. ఇంత స్వల్ప పీడనానికి దాని ఘనపరిమాణం చెప్పుకోదగినంత తగ్గదు. పిక్క చుట్టుకొలత తగ్గిందంటే సిరల్లోని రక్తమో కణాల మధ్య ద్రవమో అక్కడినుంచి తరలి ఉండాలి, లేదా కణజాలం ఆకారం మార్చుకుని పైకో కిందికో జరిగి ఉండాలి. ఈ రెంటిలో ఏది ఎంత అన్నది చర్మం మీది పీడనం చెప్పలేదు. అందుకు ఎం.ఆర్.ఐ. మంచి దారి: మేజోడు ఉన్నప్పుడూ లేనప్పుడూ ఒకే ఎత్తులో అడ్డుకోత చిత్రాలు తీసి, చర్మం కింది కొవ్వు పొరనూ కండరాన్నీ విడివిడిగా గీసి వైశాల్యాలు పోల్చండి. పిక్కను బల్ల మీద ఆనించవద్దు, మడమ కింద మాత్రమే ఆధారం ఉంచండి. లేకపోతే బల్ల చేసిన చదునును మేజోడు ఖాతాలో రాస్తారు. పడుకున్న మనిషి కాలి సిరల్లో పీడనం చాలా తక్కువ, కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర అది 80 మి.మీ. పాదరసం దాటుతుంది. కనుక పడుకోబెట్టి తెలుసుకున్న విషయాన్ని నిలబడిన కాలికి, అంతకంటే పరుగెత్తే కాలికి, అంటగట్టకండి.

రెండో సమాధానం

అల్ట్రాసౌండ్ గురించి నేను చెబుతాను. అల్లికలో చిక్కుకున్న గాలిని ధ్వని తరంగాలు దాటలేవు, అందుకే ఆ నలుపు. బట్టను జెల్‌తో పూర్తిగా తడిపితే చిత్రం వస్తుంది, అయితే తడిసిన అల్లిక బిగువు మారవచ్చు గనుక పీడనం మళ్లీ కొలవాలి. మేజోడులో కిటికీలా రంధ్రం కత్తిరించాలన్న ఆలోచన మీకూ రావచ్చు. నేను చేసి చూసి పశ్చాత్తాపపడ్డాను. రంధ్రంలోంచి కణజాలం బయటికి ఉబ్బుతుంది, అంటే మనం చూస్తున్న చోటే మేజోడు ప్రభావం లేకుండా పోతుంది. ప్రోబ్ (చర్మం మీద ఆనించే అల్ట్రాసౌండ్ పరికరం) పట్టుకున్న చెయ్యి కూడా నొక్కుతుంది కాబట్టి, చర్మానికీ ప్రోబ్‌కూ మధ్య మందపాటి జెల్ పొర కనిపిస్తూ ఉండాలి.

కండరం ఎంత గట్టిగా ఉందో కూడా తెలియాలంటే షియర్ వేవ్ ఎలాస్టోగ్రఫీ వాడండి; కణజాలంలో అడ్డంగా ఊగుతూ సాగే తరంగం వేగాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచే పద్ధతి ఇది. తరంగ వేగాన్ని వర్గం చేసి సాంద్రతతో గుణిస్తే కోత గుణకం (పక్కకు జరిపే బలానికి కణజాలం చూపే గట్టిదనం) వస్తుంది; వేగం సెకనుకు 2 మీటర్లయితే అది సుమారు 4.2 కిలోపాస్కళ్లు. కొన్ని యంత్రాలు దాన్ని మూడింతలు చేసి యంగ్ గుణకంగా (సాగదీతకు చూపే గట్టిదనంగా) చూపుతాయి. అన్ని దిశల్లో ఒకేలా ఉండే పదార్థానికే ఆ లెక్క చెల్లుతుంది, పోగులుగా ఉన్న కండరానికి చెల్లదు. అందుచేత వేగాన్నే నివేదించడం మేలు. చీలమండ కోణాన్ని బిగించకుండా ఈ పని మొదలుపెట్టవద్దు. పాదం కొద్దిగా పైకి వంగినా పిక్క కండరం సాగి గట్టిపడుతుంది, ఆ మార్పు ముందు మేజోడు చేసే మార్పు కనిపించకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. పడుకోబెట్టి ఎం.ఆర్.ఐ., చీలమండ బిగించి ఎలాస్టోగ్రఫీ చేస్తాను. పరుగులో జరిగేదాన్ని ఎలా పట్టుకోవాలి?

మూడో సమాధానం

అప్పుడు కొలవాల్సింది కంపనం. పాదం నేలను తాకినప్పుడు కండ ఊగే తీరును తేలికపాటి యాక్సిలరోమీటర్ (కుదుపును, అంటే త్వరణాన్ని, కొలిచే సెన్సర్) పట్టిస్తుంది. దాన్ని మేజోడు మీద అంటిస్తే బట్ట ఊగడాన్ని కొలిచినట్టవుతుంది. చర్మానికే అంటించి, ముంగాలి ఎముక మీద మరొకటి ఉంచి, ఎముకలో పుట్టిన కుదుపు కండకు చేరేసరికి ఎంత మారిందో చూడండి. చర్మం మీది సెన్సర్ కింద కొవ్వు కూడా ఊగుతుంది కనుక దీన్ని అచ్చంగా కండర కంపనమని రాయకండి. కంపనం తగ్గినంతమాత్రాన అలసట తగ్గిందని కూడా రాయకండి. అది వేరే ప్రయోగం.

పోలికకు వట్టి కాలు సరిపోదు. చూడటానికి అలాగే ఉండి పీడనం దాదాపు లేని వదులు మేజోడు కూడా ఒకటి ఉండాలి, ఏది ముందు వేసుకోవాలో చీటీ తీసి నిర్ణయించాలి. సాగిన అల్లిక వాడుతున్నకొద్దీ పట్టు సడలిస్తుంది కాబట్టి, పరుగుకు ముందూ తర్వాతా అవే నాలుగు చోట్ల మీ గాలితిత్తి సెన్సర్‌తో పీడనం రాసుకోండి.