కారుకి కొత్తగా వేయించిన క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పొర) గరుకుగా ఉంటే వాటర్ పేపర్ కొట్టించాలా, మళ్లీ పెయింట్ వేయించాలా?

నీలం బాలెనో, ఉప్పల్:
బస్సు రాసుకుపోవడంతో ఎడమ పక్క రెండు డోర్లకీ, వెనక ఫెండర్‌కీ పెయింట్ వేయించాను. కలర్ బాగానే కలిసింది. కానీ డోర్‌లో ట్యూబ్‌లైట్ తిన్నగా కనిపించాల్సింది అలలు అలలుగా కనిపిస్తోంది. చేత్తో రాస్తే గరుకు. షెడ్ ఆయనేమో "వాటర్ పేపర్ (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) కొట్టి బఫింగ్ (మెషిన్ పాలిష్) చేసేస్తా" అంటున్నాడు. మా బావమరిదేమో పేపర్ పెట్టనివ్వొద్దు, మళ్లీ వేయించుకో అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

షెడ్ మేస్త్రి:
టెన్షన్ పడకండి సార్, అది ఆరెంజ్ పీల్, అంటే క్లియర్ నారింజ తొక్కలా ఎగుడుదిగుడుగా ఆరడం. ఎండాకాలం బయటి షెడ్డులో ఫాస్ట్ థిన్నర్ కలిపి కొడితే క్లియర్ పరుచుకునేలోపే బిగుసుకుపోతుంది. స్ప్రే గన్ దూరంగా పట్టినా, గాలి ప్రెషర్ తగ్గినా అంతే. 1500 నంబర్ వాటర్ పేపర్, తర్వాత ఇంకా నున్నటి 2000, 3000, ఆపైన పాలిష్ కాంపౌండ్. దీనికోసం మళ్లీ పెయింట్ అంటే డబ్బు దండగ.

మైక్రాన్ మామ:
మేస్త్రి గారూ, క్లియర్ మందం ఎంతుందో చూడకుండానే తేల్చేశారే! కంపెనీ పెయింట్‌లో అయితే క్లియర్ మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లే (వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటర్). ఎండకి రంగు వెలవకుండా కాపాడేది కూడా ఆ పొరే. షెడ్డులో ఒకటిన్నర కోటుతో సరిపెట్టి ఉంటే? పేపర్ బేస్ కలర్‌ని తాకిందంటే ఏ బఫింగూ దాన్ని వెనక్కి తేలేదు. ముందు పెయింట్ మందం కొలిచే గేజ్ పెట్టించండి.

షెడ్ మేస్త్రి:
మీ గేజ్ పుట్టీ, ప్రైమర్, కలర్, క్లియర్ అన్నీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది. రిపేరైన డోర్ మీద 250 మైక్రాన్లు వచ్చిందనుకోండి, అందులో క్లియర్ ఎంతో చెప్పగలరా?

మైక్రాన్ మామ:
చెప్పలేను, ఒప్పుకుంటా. నా భయమూ అదే కదా. తెలియనప్పుడు గీకమంటారా?

వీకెండ్ పాలిష్:
ఇద్దరూ మూడో మెట్టు నుంచి మొదలుపెట్టారు. ఆ గరుకు క్లియర్‌లో ఉందా, క్లియర్ మీద ఉందా? బాలెనో అన్నా, బండి కడిగాక పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో చెయ్యి పెట్టి డోర్ మీద మెల్లగా జరుపు. తర్వాత పక్కనున్న అద్దం మీద కూడా. అద్దం కూడా ఇసుక చల్లినట్టు తగిలితే అది ఓవర్‌స్ప్రే, అంటే గాల్లో ఎగిరి అంటుకున్న పెయింట్ పొడి. దానికి క్లే బార్ (పైన అంటుకున్నవాటిని లాగేసే మెత్తటి మట్టి ముద్దలాంటిది) చాలు. షాంపూ నీళ్లు బాగా చల్లి, అదిమిపెట్టకుండా రుద్దాలి.

క్లే తర్వాత కూడా అలలు ఉంటే అప్పుడు మేస్త్రి గారి దారే. కానీ తలుపు మొత్తం మీద కాదు, ముందు కింద ఒక మూల చేసి చూపించమను. అంచులకీ, డోర్ మధ్య గీతకీ మాస్కింగ్ టేప్ వేయించు. క్లియర్ పల్చగా ఉండేది అక్కడే, ముందు తెగేదీ అక్కడే. పేపర్‌ని బ్లాక్‌కి చుట్టాలి, వేళ్లతో నొక్కితే పల్లాలు పడతాయి. నాలుగు చేతులు ఆడించాక తుడిచి చూడాలి. తగిలిన చోట మసకగా, పల్లంలో ఇంకా మెరుస్తూ చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలన్నీ పోయేదాకా రుద్దడమే చాలామంది చేసే తప్పు. కొన్ని మిగిలి ఉండగానే ఆపాలి.

ఎందుకంటే మీ ముందు ఫెండర్ కంపెనీ పెయింటే కదా? వంగి చూడండి, దాని మీదా కొంచెం అలలు ఉంటాయి. పక్క డోర్ అద్దంలా చేస్తే అదే తేడాగా కనపడుతుంది. బఫింగ్ అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు.

మైక్రాన్ మామ:
మూల చేసి చూడటానికి నాకు అభ్యంతరం లేదు. మరి పెయింట్ పూర్తిగా ఆరిందా? లోపల థిన్నర్ ఉండగానే పాలిష్ కొడితే ఆ రోజు మెరుస్తుంది, కొన్నాళ్లకి కుంగి మళ్లీ మసకబారుతుంది.

షెడ్ మేస్త్రి:
ఈ ఒక్కటీ కరెక్టు. పెయింట్ బూత్‌లో వేడితో ఆరబెట్టకపోతే తొందరపడకూడదు. పెయింట్ మీద రక్షణకి వేసే సిరామిక్ కోటింగ్ కూడా ఇప్పుడే వద్దు సార్, కనీసం నెల ఆగండి.

నీలం బాలెనో, ఉప్పల్:
కవర్ పెట్టి చూశాను. అద్దం కూడా గరుకే! క్లేతో వెనక డోర్ చాలావరకు నున్నగా వచ్చింది. ముందు డోర్ మీద అలలు అలాగే ఉన్నాయి. క్లియర్ ఎన్ని కోట్లు కొట్టారని షెడ్డులో అడిగితే ఒకరు రెండంటారు, ఒకరు మూడంటారు.

మైక్రాన్ మామ:
రెండని చెప్పినవాడినే నమ్మండి. ముందు డోర్ మళ్లీ వేయమని అడగండి, వాళ్ల ఖర్చుతోనే.

వీకెండ్ పాలిష్:
మళ్లీ అదే షెడ్డు, అదే గన్, అదే థిన్నర్ కదా మామా. నేనైతే నెల ఆగి మూల చేయించి చూస్తా.