సమస్యాపూరణం: “కంపు గొట్టు పండె యింపు గొలుపు”

నిర్వాహకుడు, కర్నూలు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం. ‘కం’కూ ‘యిం’కూ వళి (యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగవ గణపు మొదటి అక్షరంతో పొత్తు) కుదరకపోయినా, ‘కంపు–ఇంపు’ అని ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు వాటి తరువాతి అక్షరాలు కలవడం) చక్కగా చెల్లింది. ఉష్ణదేశపు పండ్ల రుచిని గురించి, వినికిడి మాట కాక, సభ్యులు తాము తిని ఏర్పరచుకున్న అభిప్రాయాన్నే పూరణలో చెప్పాలని మనవి.

ఆదోని సభ్యుడు:

ముళ్ల తొక్క చీల్చ ముక్కు మూసి నగిరి
లోన వెన్నవంటి లేత గుజ్జు
తిన్నవారి కెఱుక తీపిలోని మహిమ
కంపు గొట్టు పండె యింపు గొలుపు

ఇది సింగపూరులో మా అబ్బాయి ఇంట తిన్న డురియన్. అక్కడి మెట్రో రైళ్లలోకి ఈ పండును తీసుకుపోనివ్వరు. తొక్క తెరవగానే ఉల్లిపాయ, మురిగిన గుడ్డు కలిసిన వాసన గుప్పుమన్నది. తొన నోట పడిన తరువాత మాత్రం గింజకు అంటిన గుజ్జును కూడా చప్పరించక వదలలేదు.

నిర్వాహకుడు: భావం బాగున్నది గాని రెండవ పాదంలో ‘లో’కు ‘లే’తో యతి చెల్లదు, ఓకారానికి ఏకారంతో మైత్రి లేదు. “నోట వెన్నవంటి నునుపు గుజ్జు” అని సవరిస్తే యతి నిలుస్తుంది, ‘లేత’ కంటె ‘నునుపు’ నాలుకకు దగ్గరగానూ ఉంటుంది. మీ వ్యాఖ్యలోని ఉల్లిపాయ పద్యంలోకి రాకపోవడమే నాకు వెలితిగా తోచింది.

కడప సభ్యుడు:

పంది కెట్టి పండు పరమాన్నముగ దోచు
బదులు చెప్పవయ్య పండితుండ
బేనిషాను తిన్న పెదవికే మొనరించు
కంపు గొట్టు పండె యింపు గొలుపు

బంగినపల్లి బేనీషా మామిడి చేతికందే దూరంలో ఉండగా, ఊరూ పేరూ తెలియని పరదేశపు పండ్లకు పద్యమెందుకని నా అభిప్రాయం.

ప్రొద్దుటూరు సభ్యురాలు: ఆర్యా, క్రమాలంకారం (పై ప్రశ్నలకు చివరి పాదంలో వరుసగా జవాబులు రావడం) నిర్దోషంగా అమరింది. కాని కంపును పంది మీదికి నెట్టి సమస్యను దాటవేశారే తప్ప రుచి చూడలేదు. డురియన్‌కు ఆ వాసన గంధక సమ్మేళనాల వల్ల వస్తుంది. బోర్నియో అడవుల్లో ఒరాంగుటాన్ వంటి జంతువులను పిలిచి గింజలను వ్యాపింపజేసేది ఆ కంపే. అంటే ఈ పాదంలో వైరుధ్యమే లేదు. ఇక పరదేశపు పండ్లంటారా, మనం ఇంటి పండ్లనుకునే సీతాఫలం, జామ, సపోటా, బొప్పాయి అన్నీ అమెరికా ఖండాల నుండి వచ్చినవే.

అనంతపురం సభ్యురాలు:

రంగు చూచి కొంటి డ్రాగను పండును
రుచిని వెదకి వెదకి రోసినాను
పొగడకుందు నెట్లు పొరుగింటి పనసను
కంపు గొట్టు పండె యింపు గొలుపు

కడప సభ్యుడు: ‘డ్రా’ ముందున్న ‘టి’ గురువై గణభంగం (గురులఘువుల లెక్క తప్పడం) కాదా?

నిర్వాహకుడు: కాదు. సమాసం కాని వేర్వేరు పదాలు గనుక ‘టి’ లఘువుగానే నిలుస్తుంది. ‘రం’కు ‘డ్రా’లోని రేఫతో యతి కుదిరింది. గుజరాత్ ప్రభుత్వం 2021లో ఈ పండుకు ‘కమలం’ అని పేరు పెట్టింది గాని, ఆ పేరు వాడితే ఇక్కడ యతి పోతుంది. పొరుగింటి పుల్లకూర సామెతను పేరెత్తకుండా పనస మీదికి మళ్లించడం, ‘వెదకి వెదకి’ అన్న ఆవృత్తిలో ఆ చప్పదనమంతా వినిపించడం ఈ పూరణకు బలం. పనస వాసనను కంపనడానికి నా మనసు ఒప్పుకోదు, అయినా ఈ వారం నా ఓటు దీనికే.

తాడిపత్రి రైతు: పద్యం బాగుందక్కా, పండుకే అన్యాయం జరిగింది. ఇది జెముడు జాతి పండు. అరటిలాగా కోసిన తరువాత మాగదు. దూరపు మార్కెట్టుకు చెడకుండా చేరాలని ముందే కోస్తే, ఎన్నాళ్లు దాచినా తీపి పెరగదు. చెట్టున బాగా పండనిచ్చి, అందులోనూ లోపల ఎర్రగా ఉండే రకాన్ని కోసి తినండి. తెల్లది సాధారణంగా దానికన్న చప్పగానే ఉంటుంది.

అనంతపురం సభ్యురాలు: నేను కొన్నది తెల్లదేనన్నా. ఎర్రది తిని, రుచి తగిలితే రెండవ పాదం మార్చి వ్రాస్తాను. మూడవ పాదం మాత్రం మార్చను.