జెర్రీ క్లౌవర్ కథలు అర్థం చేసుకోవడానికి ఎవరైనా సాయం చేస్తారా?

అమెరికా దక్షిణాది పల్లె హాస్యం బాగా విన్నవాళ్లు ఉంటే కాస్త చెప్పండి. ఊరి కథలు చెప్పి నవ్వించిన అమెరికా హాస్యకారుడు జెర్రీ క్లౌవర్ మీద తెలుగులో ఒక వ్యాసం రాద్దామని ఉంది, ముఖ్యంగా మన ఎరువుల షాపుల చుట్టూ తిరిగే సేల్స్‌వాళ్లు ఈయన గురించి చదవాలని నా కోరిక. 1926లో మిసిసిపీలోని లిబర్టీలో పుట్టారు, నేవీలో చేశారు, మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీలో వ్యవసాయం చదువుతూ ఫుట్‌బాల్ ఆడారు, ఆ తర్వాత యాజూ సిటీలో ఎరువుల కంపెనీ ఉద్యోగం. సరుకు అమ్మడానికి వెళ్లి రైతులకు ఊరి కథలు చెప్తూ చెప్తూ, నలభై దాటాక రికార్డులు చేసి, 1973లో గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే పేరున్న కంట్రీ సంగీత రేడియో కార్యక్రమంలో సభ్యుడయ్యారంటే మామూలు విషయమా! అదీ ఒక్క బూతు మాట లేకుండా. 1998లో గుండె ఆపరేషన్ తర్వాత పోయారు.

నా ఇబ్బంది అంతా ఆ యాసతోనే. రకూన్ (చెట్లెక్కే ఒక చిన్న అడవి జంతువు) వేట కథ ఉంది కదా, చెట్టెక్కినవాడికి రకూన్ బదులు అడవిపిల్లి ఎదురవుతుంది, అక్కడిదాకా అర్థమైంది, కానీ వాడు పైనుంచి అరిచే మాటలకు జనం పగలబడి నవ్వుతుంటే నాకు సగమే వినపడుతోంది. ఆయన తరచూ చెప్పే లెడ్‌బెటర్ అనే పల్లె కుటుంబం కథలూ అంతే. మాట పొల్లుపోకుండా రాసిపెట్టినది ఎక్కడైనా దొరుకుతుందా? లేదంటే మిసిసిపీ వైపు ఉండే తెలుగువాళ్లెవరైనా నాతో కూర్చుని ఒక్క కథ వింటారా, ఫోన్‌లో అయినా పర్లేదు?