గర్భంలో మలేరియా వస్తే బిడ్డకు టీకాలు పట్టవా?

చింతపల్లి_అమ్మ: కడుపుతో ఉన్నప్పుడు ఎనిమిదో నెలలో నాకు ఫాల్సిపారం రకం మలేరియా వచ్చింది. మా పాపకు ఏడు నెలలప్పుడు తట్టు పోసింది. తల్లికి మలేరియా వస్తే బిడ్డకు రక్షణ తగ్గుతుందట. మరి తొమ్మిదో నెలలో వేసే ఎంఆర్ (తట్టు-రుబెల్లా) టీకా ఏం పనిచేస్తుంది? మా అత్త వద్దంటోంది.

ల్యాబ్_రవి: అక్కా, వేయించండి. తట్టు వచ్చిపోయినా ఆ టీకాలో రుబెల్లా అనే మరో జబ్బుకు రక్షణ కూడా ఉంది. మీరు రెండు విషయాలు కలిపేశారు. మాయలో (ప్లసెంటాలో) ఫాల్సిపారం క్రిములు చేరితే తల్లి యాంటీబాడీలు, అంటే రోగంతో పోరాడే రక్షక పదార్థాలు, బిడ్డకు దాటడం తగ్గవచ్చు. ఆఫ్రికాలోని గాంబియాలో తట్టు యాంటీబాడీల విషయంలో ఇది చూశారు. అది తల్లి ఇచ్చే అరువు. టీకాతో వచ్చేది బిడ్డ సొంతం. పైగా తల్లి యాంటీబాడీలు ఎక్కువుంటే తట్టు టీకాకు అడ్డొస్తాయి.

గోదావరి_78: అంటే మలేరియా రావడమే మేలంటావా?

ల్యాబ్_రవి: ఎక్కడన్నాను? అరువు తగ్గితే టీకా వేసేలోపు బిడ్డ వట్టి చేతులతో ఉంటుంది. అదే ప్రమాదం.

మాస్టారు_రంపచోడవరం: ఒక్క పాపను చూపించి మలేరియా వల్లే అనడం తొందరపాటు. టీకా వేయించుకున్న తల్లుల్లో తట్టు యాంటీబాడీలు, జబ్బు పడి లేచిన తల్లులకన్నా తక్కువే. మలేరియా లేని ఇళ్ళలోనూ ఏడు నెలల పిల్లలకు తట్టు వస్తోంది.

చింతపల్లి_అమ్మ: నేను లెక్కలు చెప్పడం లేదు మాస్టారూ. నా పాప జ్వరంతో ఎగశ్వాస పీలుస్తుంటే రెండు రాత్రులు కూర్చున్నాను.

మాస్టారు_రంపచోడవరం: అమ్మా, అది కాదనలేదు. "మలేరియా పడ్డవాళ్ళ పిల్లలకు టీకా పట్టదు" అనే మాట ఊళ్ళో పడితే సూదులే మానేస్తారు. నా భయం అది. ఆఫ్రికాలో టీకా స్పందన మీద చేసిన పరిశోధనల ఫలితాలు కూడా ఒకేలా లేవు. కొన్నిట్లో తగ్గింది, కొన్నిట్లో తేడా లేదు.

సీలేరు: దోమతెర కట్టుకుంటే ఇంత గొడవ ఉండేదా?

చింతపల్లి_అమ్మ: కట్టుకున్నాను! జ్వరం వచ్చిన రోజే రక్తపూత తీశారు. ఫలితం తొమ్మిది రోజులకు వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ పారాసిటమాల్ మాత్రలే. తర్వాత అందరూ నన్నే అడిగారు, తెర కట్టుకోలేదా అని. ఇప్పుడు మీరూ అదే అడుగుతున్నారు.

సీలేరు: క్షమించండి. అలా అనకూడదు.

ల్యాబ్_రవి: అక్కా, తొమ్మిది రోజులు ఘోరం. ర్యాపిడ్ కిట్‌తో పావుగంటలో తేలుతుంది.

చింతపల్లి_అమ్మ: నాకు జ్వరం వచ్చింది కాబట్టి కనీసం రక్తమైనా తీశారు. రానివాళ్ళ సంగతేంటి?

ల్యాబ్_రవి: మన్యంలో జ్వరం లేకుండానే క్రిములు ఉండే గర్భిణులుంటారు, తొలి కాన్పువాళ్ళకు ప్రమాదం ఎక్కువ. మాయలో దాక్కుంటే వేలి చుక్కలో దొరక్కపోవచ్చు కూడా. ఆఫ్రికాలో అందుకే జ్వరం లేకపోయినా నాలుగో నెల నుంచి సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ అనే మలేరియా మందు ఇస్తారు. మన దగ్గర ఆ పద్ధతి లేదు. కనీసం ప్రతి చెకప్‌లో పరీక్ష చేయాలి.

చింతపల్లి_అమ్మ: టీకా వేయిస్తాను తమ్ముడూ, అత్తకు నేను చెప్పుకుంటాను. కానీ ప్రతి చెకప్‌లో పరీక్ష చేయాలన్న మాట మొదటే ఎందుకు రాయలేదు?