పునరావాస కేంద్రానికి రమ్మంటే జనం ఎందుకు రారు?

సింగరాయకొండ వాసి:
తుఫాను వచ్చిన ప్రతిసారీ ఇదే గొడవ. 2025 అక్టోబర్‌లో మొంథా అప్పుడు మా పక్క మైకు పట్టుకుని వీధివీధీ తిరిగినా చాలా ఇళ్లు కదల్లేదు. అన్నం పెడతామన్నారు, బియ్యం ఇస్తామన్నారు, మనిషికి 1000, ఇంటికి 3000 దాకా ఇస్తామన్నారు. అయినా రాకపోతే ఏమనాలి? పిల్లల ప్రాణం కంటే సామాన్లు ఎక్కువా? కోపంతో కాదు, అర్థంకాక అడుగుతున్నా.

కోవూరు మాస్టారు:
రాకపోవడం ఒకటే కాదండీ, వచ్చినవాళ్లు వెళ్లాక స్కూలు ఎట్ట ఉంటుందో కూడా మాట్లాడాలి. 2021 నవంబర్ పెన్నా వరదలో మేము పనిచేసే బడిని కేంద్రంగా తీసుకున్నారు. నాలుగు రోజుల తర్వాత తలుపు తీస్తే బెంచీలు బయట వానలో నానుతున్నాయి, గోడల నిండా తాంబూలం మరకలు. కడిగించడానికి మా టీచర్లం తలా కొంత వేసుకున్నాం. పిల్లల చదువు ఆగింది. దాని గురించి ఎవరూ రాయరు.

పొర్లుకట్ట అమ్మాయి:
మాస్టారూ, మాది ఏటి గట్టు మీద గుడిసె. నేను ఆ నవంబర్‌లో అట్టాంటి బడిలోనే ఉన్నా, మీ బడి కాదులేండి. అప్పుడు నాకు తొమ్మిదేళ్ల పాప, పది నెలల బాబు. గదిలో మేం పదకొండు కుటుంబాలం. ఆడవాళ్లకీ మగవాళ్లకీ కలిపి పిల్లల బాత్రూములు రెండు, ఒకదానికి గడియ లేదు. నేను లోపలికి పోతే మా పాప తలుపు పట్టుకుని నిలబడేది, పాప పోతే నేను. రాత్రుళ్లు పోవాల్సి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేశా. బాబుకు పాలిచ్చే దాన్ని నేను. పక్కనే టీచర్ల బాత్రూము ఉంది, తాళం వేసి ఉంది. నాలుగు రోజులూ ఆ తాళం అట్టే ఉంది.

కావలి శీను:
పులిహోర పొట్లాలు మాత్రం బాగా పంచారు, చూశా.

పొర్లుకట్ట అమ్మాయి:
పళ్లు రాని బిడ్డకు పులిహోర ఎట్ట పెట్టాలన్నా?

కోవూరు మాస్టారు:
తాళం గురించి చెప్తా. మా బడిలోనూ వేశాం. అంతకు ముందు ఒకసారి తెరిచి ఇస్తే వాష్‌బేసిన్ పగలగొట్టారు, కొత్తది పెట్టడానికి ఏడాది పట్టింది. మా మేడమ్‌లు ఆ ఏడాదంతా పక్కింటికి వెళ్లేవాళ్లు. వాళ్లు ఆడవాళ్లు కాదా? తాళం వేసినవాళ్లంతా దుర్మార్గులన్నట్టు రాయకండి.

రిటైర్డ్ వీఆర్వో:
బేసిన్ పక్కన పెట్టండి. 2005 విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ కింద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో కనీస ప్రమాణాలు ఇచ్చింది. మనిషికి మూడున్నర చదరపు మీటర్ల చోటు, 30 మందికి ఒక మరుగుదొడ్డి, ఆడవాళ్లకు వేరుగా. అది దయ కాదు, రూలు. నా సర్వీసులో మేం చూసుకున్నది ఎంతమంది వచ్చారు, ఎన్ని పొట్లాలు పోయాయి అనేవే. ఎన్ని గడియలు ఉన్నాయో పైనుంచి ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అది నా తప్పే.

అల్లూరు రైతు:
తాళం, తాళం అని రెండు పేజీలు. విషయానికి రండి.

కోవూరు మాస్టారు:
విషయమే చెప్తా. 2021లో అన్నమయ్య ప్రాజెక్టు తెగి, సోమశిల డ్యామ్ నుంచి 5 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, హైవే తెగింది. ఆ రాత్రి నా భార్యా పిల్లలూ మిద్దె మీద టార్పాలిన్ కప్పుకుని కూర్చున్నారు. మరుసటి రోజు మధ్యాహ్నం దాకా ఒక్కరు రాలేదు. మా చిన్నోడికి అప్పుడు జ్వరం. కేంద్రంలో లేము కాబట్టి మేము ఏ లెక్కలోనూ లేము. పన్ను కట్టి, ఇల్లు లోన్ మీద కట్టుకున్నవాడి కష్టం కష్టం కాదా? ఏటి గట్టు మీద గుడిసె వేసుకుంటే నీళ్లు రాక ఏమొస్తాయి? అక్కడ ఉండొద్దని ఎన్నిసార్లు చెప్పారు?

పొర్లుకట్ట అమ్మాయి:
వచ్చింది చూడండి అసలు మాట. ఇంతసేపూ బెంచీలు, బేసిన్లు అన్నారు.

మీ బిడ్డ జ్వరంతో మిద్దె మీద ఉన్నాడంటే నా కడుపు తరుక్కుపోతుంది మాస్టారూ, నిజంగా. అది నేను కాదనను. కానీ సింగరాయకొండ అన్న అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెప్తా. కేంద్రంలో ఆడవాళ్లూ పిల్లలే ఎందుకు ఉంటారో ఎవరన్నా ఆలోచించారా? మా ఆయన రాలేదు. నడుం లోతు నీళ్లలో పక్కింటి స్లాబు మీద కూర్చున్నాడు. సామాన్ల కోసం కాదు. మంచం, టీవీ ఎట్టాగూ పోయినాయి. మేం లేనప్పుడు గుడిసెలు తీసేస్తారని కట్ట మీద పుకారు వచ్చింది. మాకు పట్టా లేదు. మనిషి ఒకడు అక్కడ కనపడితేనే అది ఇల్లు. లేకపోతే ఖాళీ జాగా.

సింగరాయకొండ వాసి:
ఇది నాకు తట్టలేదు చెల్లెమ్మా.

కోవూరు మాస్టారు:
నేనైతే కట్ట మీద పట్టా ఇవ్వమంటే ఒప్పుకోను. మళ్లీ వరద వస్తే మళ్లీ మునుగుతారు. మీ పిల్లల కోసమే చెప్తున్నా.

పొర్లుకట్ట అమ్మాయి:
కట్ట మీద ఎవరడిగారు? మా ఆయన మార్కెట్లో మూటలు మోస్తాడు, తెల్లవారి మూడు గంటలకు పోవాలి. నేను నాలుగిళ్లలో పాచిపని చేస్తా. ఊరికి దూరంగా సెంటున్నర జాగా చూపిస్తే ఆ టైముకు బస్సేదీ? ఆటోకే సగం కూలి పోతుంది. పనికి నడిచిపోయేంత దూరంలో చూపించండి, రేపే లేస్తాం.

ముత్తుకూరు లక్ష్మి:
మీ ఓర్పుకు దండం అక్కా.

పొర్లుకట్ట అమ్మాయి:
ఓర్పు అనొద్దు చెల్లీ. అక్కడికి వచ్చిన ప్రతి ఒక్కరూ అదే మాట చెప్పి, ఫోటో తీసుకుని పోయారు. మా పక్కన కూర్చున్న పిల్లకు ఆ బడిలోనే మొదటిసారి నెలసరి వచ్చింది. వాళ్లమ్మ తన పాత చీర చింపింది, మేం నలుగురం దుప్పటి అడ్డం పట్టుకున్నాం. ఇప్పటికీ ఆ పిల్ల ఆ బడి గేటు ముందు నుంచి పోదు, చుట్టూ తిరిగి పోతుంది.

రిటైర్డ్ వీఆర్వో:
ఆ 2016 ప్రమాణాల్లో ఆడవాళ్లకు ఇవ్వాల్సిన కిట్లు కూడా రాసి ఉన్నాయమ్మా. న్యాప్‌కిన్లతో సహా.

కోవూరు మాస్టారు:
జాగా విషయంలో నా మాట నాదే. బాత్రూము సంగతి వేరు. ఈసారి వానల ముందే గడియలు వేయిస్తా, మేడమ్‌లతో మాట్లాడి తాళం చెవి కేంద్రంలోనే ఉండేట్టు చూస్తా. ఒకటి అడుగుతా, నిజం చెప్పమ్మా. మళ్లీ పెన్నకు నీళ్లొస్తే పిల్లల్ని తీసుకుని వస్తావా?

పొర్లుకట్ట అమ్మాయి:
వస్తా మాస్టారూ. గడియ లేకపోయినా వస్తా, పిల్లలున్నారు గదా. ఆయన మాత్రం రాడు.